పోలమ్మను లోపల చూసినదాన్ని

నేను ఒక దుర్భిణిని. చుక్కల్ని చూసే దుర్భిణి అనుకుని మురిసిపోకండి. మూత్రం వచ్చే దారిలోంచి మనిషి లోపలికి వెళ్ళి, మూత్రం సంచీని చూసేదాన్ని. డాక్టర్లు సిస్టోస్కోపు అంటారు. రోగులైతే నన్ను చూడగానే "బాబోయ్, ఊచ!" అంటారు. అననివ్వండి. నాకు సిగ్గూ లేదు, భయమూ లేదు.

జర్మనీలో ఒక కార్ఖానాలో సన్నటి ఉక్కు గొట్టంలో కటకాలు పేర్చి నన్ను తయారుచేశారు. విశాఖపట్నంలో ఓ పెద్దాసుపత్రికి వచ్చిన కొత్తలో డాక్టరు నడుం వంచి, ఒక కన్ను మూసి, రెండో కన్ను నా చివర ఆనించి చూసేవాడు. తర్వాత నాకు కెమెరా తగిలించారు, నేను చూసిందంతా టీవీలో కనబడసాగింది. ఎంతమంది లోపలికి వెళ్ళొచ్చానో లెక్కలేదు. మనుషులు విచిత్రమైనవాళ్ళు. పంటినొప్పి ఊరంతా చెప్పుకుంటారు, మూత్రంలో రక్తం పడితే మాత్రం కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పరు. అలా దాచి దాచి, ముదిరాక వచ్చేవారు. అప్పట్లో చాలామందికి సంచీ తీసెయ్యడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోలమ్మ కూడా ఆలస్యంగానే వచ్చింది. భీమిలి దగ్గర చేపలమ్ముకునే మనిషి. మొదటిసారి ఎర్రగా పడినప్పుడు వాడంతా ఒకటే మాట, వేడి చేసిందని. బార్లీ నీళ్ళు తాగింది, సబ్జాలు నానబెట్టుకుని తాగింది. రక్తం ఆగింది. ఇంకేం, బార్లీకి పేరొచ్చింది! ఈ జబ్బులో రక్తం నొప్పి లేకుండా పడుతుంది, దానంతటదే ఆగుతుంది, లోపల గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చివరికి నెత్తురు గడ్డలు గడ్డలుగా పడ్డాక మొగుడు దానయ్య ఆమెను బస్సెక్కించాడు.

లోపలికి వెళ్ళి చూశాను. గడ్డ రాతికి పట్టిన నాచులా సంచీ గోడనంటుకుని ఊగుతోంది. డాక్టర్ హైమావతి దాన్ని గీకి తీసి పరీక్షకు పంపింది. కేన్సరే. ఇంకా కండలోకి దిగలేదు గానీ మొండి రకం.

"మూత్రం సంచీ తీసేస్తే భయం తగ్గుతుంది పోలమ్మా. మూత్రం పట్టడానికి పొట్టకి ప్లాస్టిక్ సంచీ తగిలిస్తాం. లేదంటే లోపలికి మందు పోసి చూద్దాం. మందుకి లొంగకపోతే మాత్రం తీసెయ్యాల్సిందే," అంది డాక్టరమ్మ.

"గంప నెత్తినెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగేదాన్ని. పొట్టకి సంచీ ఏలాడేసుకోమంటావేటి? నానొప్పుకోను. మందే పొయ్యి."

"అయితే చుట్ట మానాలి."

పోలమ్మది అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. "నోట్లో ఎట్టుకున్నది అక్కడికెలాగెల్లిందమ్మా?" అని నిలదీసింది. పొగలోని విషం నెత్తుట్లో కలిసి, మూత్రంలోకి దిగి, ఆ సంచీలోనే నిలవుంటుందని హైమావతి చెప్పింది. పోలమ్మ బొడ్డున దోపుకున్న చుట్టలు తీసి చెత్తబుట్టలో పడేసింది.

ఆ మందు పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే బీసీజీయే, మోతాదు పెద్దది. బలం తీసేసిన ఆ క్రిములు సంచీలో పడగానే ఒంట్లోని కాపలావాళ్ళు ఉలిక్కిపడి లేచి, కేన్సర్ మీద కూడా కలబడతారు. వారం వారం పోశారు. మందు అన్ని గోడలకీ తగలాలి కదా, మూత్రం ఆపుకుని మంచం మీద అటూ ఇటూ పొర్లాలి. "అట్టు తిరగేసినట్టు తిరగేస్తన్నారే నన్ను!" అని వార్డంతా నవ్వించేది. ఇంటికెళ్తే మంట, జ్వరం. దానయ్య హడలిపోయి, "తీయించీసుకోవే" అని బతిమాలాడట.

"ఒళ్ళు నాదా, నీదా?" అందట.

మళ్ళీ నన్ను లోపలికి పంపారు. వంగే కొత్త గొట్టం అప్పటికే వచ్చేసింది, నాకదే ఆఖరి పని. గడ్డ లేదు. కానీ ఓ మూల ఎర్రటి మచ్చ ఉంది. టీవీలో అది చూసి హైమావతి మొహం మారింది. ఆ మొహాన్ని పోలమ్మ చూసింది. గింజంత ముక్క తీసి పరీక్షకు పంపారు. సంచీ ఉంటుందా పోతుందా అన్నది ఇక ఆ ముక్క మీదే ఉంది. నన్ను కడిగి ఆరబెట్టారు గానీ, రిపోర్టు వచ్చేదాకా నా మనసు మనసులో లేదు.

ఆ ఎరుపు మందు రేపిన వాపేనట. కేన్సర్ లేదు.

"మరైతే గంపెత్తుకోవచ్చా?" అనడిగింది పోలమ్మ, ముందుగా.

ఇప్పుడు నేను అదే ఆసుపత్రిలో అద్దాల బీరువాలో ఉన్నాను. కింద 'పాత పరికరాలు' అని చీటీ అంటించారు. పాతదాన్నే, ఓడిపోయినదాన్ని కాదు. నా తర్వాత వచ్చినవి నీలివెలుగులో నాకు కనబడని మచ్చల్ని కూడా పట్టేస్తాయి. బీసీజీకి లొంగని జబ్బుకు, కాపలావాళ్ళను తట్టిలేపే కొత్త సూదిమందులున్నాయి. సంచీలోనే కూర్చుని మెల్లమెల్లగా మందు వదిలే గొట్టాలూ వస్తున్నాయి. రానివ్వండి, ఎన్ని వస్తే నాకంత గర్వం.

పోలమ్మ ఇప్పటికీ పరీక్షలకు వస్తుంది. వచ్చినప్పుడల్లా నా అద్దం మీద వేలితో తట్టి వెళ్తుంది. మొన్న బెంచీ మీద కూర్చున్న ఓ కొత్త రోగి ఆమెనడిగింది: "ఈ రోగం తగ్గినా మళ్ళీ వస్తాదంట కదా అప్పా?"

పోలమ్మ ఖాళీ గంప చంకకెత్తుకుంది.

"వస్తే రానీ. నానూ వస్తాను."