అంఘారడ్ సమాధి రాయి

అంఘారడ్‌ను ఊరి క్రైస్తవ ప్రార్థన మందిరం వాళ్ళు ఒక్కరోజు కూడా ప్రేమించలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. పెళ్ళికి ముందే కడుపుతో ఉందని, ఇరవయ్యేళ్ళ పిల్లను ప్రార్థనకు వచ్చిన అందరి ముందూ నిలబెట్టి, చేతులెత్తి ఓటేసి వెలివేశారు. ఆ కడుపుకు కారణమైన ఇద్వల్‌ను ఏమీ చేయలేకపోయారు. అతడు ఆ మందిరంలో ఎన్నడూ చేరలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆమె మాత్రం మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆమె పోయాక మందిరానికి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఆ ఏడు ఊరి పద్యాల పోటీకి ఆమె పేరే అంశంగా ఇచ్చారు. గెలిచిన పద్యం నాలుగు పాదాలనూ ఆమె సమాధి రాయి మీద చెక్కిస్తారట. ఇద్వల్‌ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. రాయి ఇంకా నున్నగానే ఉంది. దాని మీద ఏం రాయించాలో అతనికే తేలలేదు. కానీ వీళ్ళ రాత పడకూడదని మాత్రం తెలుసు. అందుకే పోటీకి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడు.

న్యాయనిర్ణేత గొంతు సవరించుకుని, అంఘారడ్ అంటే ఎంతో ప్రేమకు నోచుకున్నది అని అర్థమనీ, పూర్వం రాజుల ఆడబిడ్డలకు పెట్టుకున్న పేరనీ చెప్పాడు. వెలివేసిన నోళ్ళే అయ్యో అన్నాయి. కవులు మారుపేర్లతో పంపే పోటీ అది. గెలిచిన పేరు పిలిస్తే ఆ మనిషి లేవాలి.

"కొండవాగు ఎవరో లేవండి!"

లేచినవాడు సెల్విన్, మందిరం పెద్ద. ఆనాడు అందరికంటే ముందు లేచిన చెయ్యి అతనిదే. ఇప్పుడు అదే చెయ్యి టోపీని గుండెకు ఆనించుకుని ఉంది. ఊరందరి ప్రేమా ఆమె పేరులోనే ఉందని అతని పద్యం.

ఇద్వల్ లేచాడు. "ఏరా సెల్విన్, ఊరందరూ అంటే ఎవర్రా? నువ్వు కూడానా?"

"పాత సంగతులు ఇప్పుడెందుకురా? తనకి మేమిచ్చే గౌరవం ఇది."

"మీ గౌరవం మీరే పెట్టుకోండి. అసలా పేరు ఎక్కడిదో తెలుసా నీకు?"

"రాజులింటి పేరని ఇప్పుడేగా చెప్పారు అయ్యగారు."

"ఆవు పేరురా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఒకావిడ "పొద్దున్నే తాగొచ్చాడు" అంది.

"నలభై ఏడు నాటి మంచుకి మా మామ మందంతా చచ్చింది. కూలిన కొట్టం కింద నించి ఒక్క నల్లావు ప్రాణంతో బయటపడింది. దాని పేరు అంఘారడ్. ఆ ఏడంతా ఇల్లు బతికింది దాని పాల మీదే. అప్పుడు పుట్టిన కూతురికి ఆయన ఆ పేరే పెట్టుకున్నాడు. నా పెళ్ళాం బతికినన్నాళ్ళూ అది చెప్పుకుని నవ్వింది. ఆ ఆవు చేసినంత మేలు మీలో ఒక్కడైనా చేశాడా నా పెళ్ళానికి?"

"మరి రాయి మీద ఆవు బొమ్మ వేయిస్తావా?" అన్నాడు సెల్విన్. అందరూ నవ్వారు.

ఇద్వల్ నవ్వలేదు. అక్కణ్ణుంచి నేరుగా రాయి చెక్కేవాడి దగ్గరికి వెళ్ళాడు. "పేరు చెక్కు. కింద ఆవు. కొమ్ములు సరిగ్గా రావాలి, మొహం దించి ఉండకూడదు" అన్నాడు. శ్మశానం పంచాయతీది. మందిరం వాళ్ళు వద్దనడానికి వీల్లేకపోయింది.

రాయి నిలిపాక సెల్విన్ భార్య కేకు పట్టుకుని ఇద్వల్ ఇంటికి వచ్చింది. "ఆ ఆవు సంగతేంటో మళ్ళీ ఒక్కసారి చెప్పవా అన్నా? మనవలు అడుగుతున్నారు."

"ఒకసారి చెప్పాను, నవ్వారు. ఇక నా నోట రాదు."

కేకుతో సహా ఆమెను బయటే ఉంచి తలుపు వేశాడు.