పల్లీ పాలు, బత్తాయి తొక్కలు

“రుక్కవ్వా, నిన్న పోలీసు జమేదారు నన్ను ఆపిండే,” అంటూ పాల మొగిలవ్వ గడప మీద బిందె దించింది. “ఏ ఇంట్ల పాలు పెరిగినయో జెప్పుమన్నడు.”

రుక్కమ్మ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

“పాలు పెరుగుడేంది?”

“పావుశేరు పోసుకునేటోళ్లు అర్ధశేరు అడుగుతె, గా ఇంట్ల ఎవలో కొత్తమనిషి ఉన్నట్టేనట. అన్నలు అడవిల నుంచి దిగిండ్రని సిరిసిల్ల మొత్తం జల్లెడ పడుతున్నరు. నా బర్రె గూడ పోలీసు కొలువుల చేరింది సూడు!” మొగిలవ్వ తన మాటకు తానే నవ్వుకుంది. “నీకెంత పొయ్యాలె?”

అర్ధశేరు అడుగుదామనే రుక్కమ్మ పెద్ద గిన్నె తెచ్చింది.

“ఎప్పటంతనే పొయ్యి. చాయకు సరిపోతది.”

మొగిలవ్వ సందు మలుపు తిరగగానే రుక్కమ్మ తలుపు గొళ్లెం పెట్టి అటక వైపు చూసింది. అక్కడ నూలు బస్తాల వెనక ఆమె బిడ్డ నీల పడుకుని ఉంది.

జగిత్యాలలో కాలేజీ చదువుతూ నీల నక్సలైట్ అన్నల్లో కలిసింది. అడవిలో మలేరియా పట్టుకుంది. తగ్గడం, తిరగబెట్టడం, మళ్లీ తగ్గడం. ఒంట్లో రక్తం లేకుండా పోయాక, ఇక తనవల్ల కాదని దళానికి చెప్పి ఇంటికి వచ్చేసింది. కానీ ఆమె అడవి వదిలిన సంగతి పోలీసులకు తెలియదు. తెలిసినా నమ్మరు. దొరికితే మర్నాడు పేపర్లో ఎదురుకాల్పులు అని నాలుగు వాక్యాలు వస్తాయి, అంతే.

దారి ఒక్కటే ఉంది. భివండిలో రుక్కమ్మ తమ్ముడు కరెంటు మగ్గాల సాంచలు నడుపుతున్నాడు. కోరుట్లలో బొంబాయి బస్సు ఎక్కిస్తే అతను అక్కడ దింపుకుంటాడు. కానీ నీల అటక దిగితేనే కళ్లు తిరిగి పడిపోతోంది. అంత దూరం బస్సులో ఎలా కూర్చుంటుంది? దారిలో సొమ్మసిల్లితే పదిమంది మూగుతారు. మూగినవాళ్లలో ఒకడు పోలీసు అయితే చాలు.

“బిడ్డ తన కాళ్ల మీద నిలబడాలె,” అన్నాడు ఆమె భర్త బుచ్చయ్య, ఇంట్లోని సాంచ మీది నుంచి చూపు తిప్పకుండా. “గదొక్కటి చెయ్యి. కడుమది నేను జూసుకుంట.”

బర్రెపాలు తాగిస్తే నీల తాగిన వెంటనే కక్కుతోంది. ఇప్పుడు ఆ పాలు కూడా పెంచకూడదు.

రుక్కమ్మ జగిత్యాల బస్సెక్కింది.

అక్కడ కరుణాకర్ రావు అనే పెద్దమనిషి ప్రకృతి వైద్యం చేస్తాడని పేరు. మందులుండవు, సూదులుండవు. రుక్కమ్మ బిడ్డ రోగాన్ని తన రోగంగా చెప్పుకుంది. ఆయన ఆమె కింది కనురెప్ప లాగి చూశాడు.

“నీకు రక్తం బాగనే ఉన్నది కదమ్మా.”

“ఇయ్యాల మంచిగున్న సారూ. రేపు ఉండ.”

ఆయన కనురెప్ప వదిలేసి చెప్పడం మొదలుపెట్టాడు.

“బర్రెపాలు బంద్ చెయ్యి. అవి బరువు, ఆ కడుపు మొయ్యలేదు. పల్లీలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగ రుబ్బు. నీళ్లు కలిపి బట్టల వడగట్టు. ఒక్క పొంగు రానిచ్చి ఇంత బెల్లం వెయ్యి. మరో పూట నువ్వుల పాలు, ఇంకో పూట కొబ్బరి పాలు. పొద్దున పరగడుపున పండ్లు. అన్నంతోని కలుపవద్దు. బత్తాయి, దానిమ్మ, బొప్పాయి. ఓపిక పట్టాలె. తాగేటోళ్లు, తాగిచ్చేటోళ్లు ఇద్దరు గూడ.”

ఆ చివరి మాటతో, రోగి వేరే ఉన్నారని ఆయన పసిగట్టాడని తెలిసి రుక్కమ్మ వెనక్కి తిరిగి చూడకుండా బయటపడింది.

పల్లీలతో భయం లేదు. పల్లీలు ఎవరైనా కొంటారు. రుబ్బురోలు చప్పుడు సాంచల టకటకలో కలిసిపోయేది. బుచ్చయ్య నేసిన గుడ్డలోనే పాలు వడగట్టేది. గుడ్డలో మిగిలిన పిప్పి పారేస్తే అనుమానం కాబట్టి దాన్ని పచ్చడి చేసేది.

“పొద్దున పిప్పి పచ్చడి, మాపు పిప్పి పచ్చడి,” అన్నాడు బుచ్చయ్య కంచం చూసి. “నేను మనిషినా, కోడినా?”

“కోడైతే గుడ్డన్న పెట్టేది,” అంది అటక మీది నుంచి నీల. ఇంటికొచ్చాక ఆమె వేసిన మొదటి హాస్యం అది.

చిక్కంతా పండ్లతోనే. ఆ వాడలో సీతాఫలం, జామ ఎవరైనా తింటారు. బత్తాయి మాత్రం రోగి పండు. బత్తాయి కొన్నారంటే ఇంట్లో ఎవరో మంచం పట్టినట్టు. మంచం పట్టారని తెలిసి పలకరించడానికి పోకపోతే తప్పు. ఒక్క తొక్క కంటబడితే వాడ మొత్తం ఇంట్లోకి వస్తుంది. అందుకే బుచ్చయ్య కోరుట్ల దాకా పోయి, నూలు కండెల కింద దాచి పండ్లు తెచ్చేవాడు. తొక్కలు రుక్కమ్మ కొంగులో మూటగట్టి, బట్టలు ఉతికే వంకతో మానేరులో వదిలి వచ్చేది.

“దళంల గూడ గింత పహరా లేదమ్మా,” అనేది నీల.

మెల్లగా ఆమె గోళ్లకు రంగు వచ్చింది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. తర్వాత గోడ వదిలేసింది.

అప్పుడు ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.

వాడలోని సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో రుక్కమ్మ రుబ్బురోలు ఒక్కటే గర్రుగర్రుమంది. ఆమె చెయ్యి ఆపేలోపే గోడ అవతలి నుంచి గొంతు లేచింది. ముత్తవ్వది. వాడలో అందరికంటే పొడుగు నాలుక ఆమెదే.

“ఓ రుక్కీ! గీ యాళ ఏం రుబ్బుతున్నవే?”

“గారెలకు అక్కా!”

“సుట్టాలు ఎవలన్న అచ్చిండ్రా?”

రుక్కమ్మ నాలుక కరుచుకుంది. “ఎవ్వలు రాలే. మా ఆయనకు తినబుద్ధయింది.”

“ఓహో,” అంది గోడ. మరి మాట్లాడలేదు.

ముత్తవ్వ మాట్లాడకపోవడమే రుక్కమ్మకు భయం పుట్టించింది.

మర్నాడు పొద్దున సందు చివరి సత్యవ్వ ఒక చేతిలో బన్ను రొట్టె, మరో చేతిలో బత్తాయిలతో వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి.

“దాచిపెడుతరానే రుక్కీ? బుచ్చయ్యకు టీబీ అంటగద!”

సాంచ దగ్గరున్న బుచ్చయ్య ఒక్క క్షణం సత్యవ్వను, ఒక్క క్షణం అటకను చూశాడు. ఆ వెంటనే ఊపిరాడనట్టు దగ్గడం మొదలుపెట్టి, దగ్గుతూనే పోయి మంచం మీద పడ్డాడు.

మధ్యాహ్నానికి వాడంతా వచ్చి వెళ్లింది. నూలు దుమ్ము మింగే మనుషులకు టీబీ కొత్త కాదు. స్టూలు మీద బత్తాయిలు కుప్ప పడ్డాయి.

“గిన్నేండ్లల్ల ఒక్కడు పండు ఇచ్చిన పాపాన పోలే. సచ్చే రోగమనంగనే గంపెడు అచ్చినయి,” అన్నాడు బుచ్చయ్య దుప్పటి కింది నుంచి.

“గట్టిగ నవ్వకు. రోగివి నువ్వు,” అంది రుక్కమ్మ.

నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. నూలిచ్చి నేయించుకునే ఆసామి మనుషులు వచ్చి, సాంచలకెక్కించిన నూలు బీములు విప్పి తీసుకుపోయారు. రోగం తగ్గేదాకా పని లేదన్నారు. ఇంట్లో సాంచలు మూగబోయాయి. ఇప్పుడు అటక మీద నీల పక్కకు తిరిగినా కింద వినిపిస్తుంది.

ఆ చప్పుడు లేని ఇంట్లోకే జమేదారు వచ్చాడు.

భారీ మనిషి. ఒక చేత్తో లాఠీ, మరో చేత్తో పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. మంచం పక్కన గిలాసను చూశాడు.

“పాలు పెంచలేదని మొగిలవ్వ చెప్పింది. మరి గీ గిలాసల పాలెక్కడియి?”

“పల్లీ పాలు సారూ. నేను జేసినయే. జగిత్యాల డాక్టరు జెప్పిండు.”

“పల్లీలకు పాలస్తయా? నాకు కథలు చెప్పకు.”

రుక్కమ్మ మరో గిలాసలో పోసి ఇచ్చింది. అతను వాసన చూశాడు, ఒక గుక్క తాగాడు, ఆగాడు. అరచేతితో పొట్ట తడుముకున్నాడు. అక్కడేదో జరగాల్సింది జరగలేదన్నట్టు ముఖం పెట్టాడు. మిగతాది ఎత్తిన గిలాస దించకుండా తాగేశాడు.

“చాయ తాగినా కడుపుల మంట లేస్తది నాకు. ఇది సల్లగ దిగింది.”

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడు కూడా. సరిగ్గా అటక కిందే కూర్చునేవాడు. అతను గిలాస ఖాళీ చేసేదాకా పైన నీల ఊపిరి బిగబట్టేది. కింద బుచ్చయ్య ఆగకుండా దగ్గేవాడు. ఒకరోజు నువ్వుల పాలు ఇస్తే, “నిన్నటిదే బాగున్నది,” అని వంక కూడా పెట్టాడు.

నీల ఇప్పుడు తిన్నగా నడుస్తోంది. ఇంకొక్క వారం ఆగితే గట్టిపడుతుందని రుక్కమ్మ లెక్క వేసుకుంది.

ఆ లెక్క ఒక్క గింజతో తప్పింది.

జమేదారు గిలాస నోటికి ఎత్తుతుండగా పై నుంచి బత్తాయి గింజ అతని బూటు పక్కన టప్పున పడింది. ఇంకా తడిగా ఉంది. అతను తల ఎత్తాడు.

“పైన ఏమున్నది?”

“ఎలుకలు సారూ,” అంది రుక్కమ్మ. “రోగి కోసం పెట్టిన పండ్లు ఎత్తుకపోతున్నయి. పీడ పట్టుకుంది.”

అతను అటకను చాలాసేపు చూశాడు. గిలాస కింద పెట్టాడు.

“ఠాణాల బోనున్నది. రేపు తెస్త. నేనే పైకెక్కి పెడ్త. నీ పాలు తాగుతున్న, గింతన్న జెయ్యకపోతె ఎట్ల?”

అతను వెళ్లాక నీల అటక దిగింది. వారం లేదు. రాత్రి సందుల్లో పోలీసు గస్తీ, కదిలే వీల్లేదు. రేపు పొద్దునే పోవాలి. కానీ పట్టపగలు, మనుషులు నిండిన సందులోంచి నీల బయటికి ఎలా వెళ్తుంది?

“నాయిన లెక్క పోత,” అంది నీల.

బుచ్చయ్య బక్కపలచని మనిషి. ఎత్తులో తండ్రీబిడ్డా ఒక్కటే. రోగిని కోరుట్ల దవాఖానకు తీసుకుపోతుంటే ఎవరు ఆపుతారు?

తెల్లవారగానే నీల చీర కుచ్చిళ్లు పైకి దోపి, దాని మీద తండ్రి అంగీ తొడిగి, ధోతి కట్టింది. తలకు మఫ్లరు, మూతికి తువ్వాల, ఒంటి చుట్టూ గొంగడి. బుచ్చయ్య బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, నిచ్చెన ఎక్కి అటక మీది బస్తాల వెనక్కి పోయాడు. నిచ్చెనను తానే పైకి లాగేసుకున్నాడు. రుక్కమ్మ బయట తాళం వేసింది.

టీబీ అనేసరికి వాడ దూరం నుంచే చేతులు ఊపింది. ఒక్క ముత్తవ్వ మాత్రం గబగబా వచ్చి రోగి రెండో భుజం పట్టుకుంది.

“అద్దక్కా, అంటుకుంటది!”

“నాకంటుకునేదేమున్నదే? నడువు.”

వదిలించుకునే వీలు లేదు. బస్టాండు దాకా ముగ్గురూ అలాగే నడిచారు. అక్కడ కోరుట్ల బస్సు నిలబడి ఉంది. బస్సు ముందు, చేతిలో ఎలుకల బోనుతో, జమేదారు నిలబడి ఉన్నాడు.

“ఎటు?”

“కోరుట్ల దవాఖానకు సారూ. రాత్రి నెత్తురు కక్కిండు.”

“ఆగు.”

అతను పండ్ల బండి దగ్గరికి పోయాడు. బత్తాయిలు కట్టించుకుని వచ్చాడు.

“రోజు నీ ఇంట్ల పాలు తాగిన. ఒట్టి చేతులతోని ఎట్ల పంపుత? పట్టు బుచ్చయ్యా.”

పండు రోగి చేతికే ఇవ్వాలి. అది అందరికీ తెలిసిన మర్యాద. గొంగడి కదల్లేదు. ఆ గొంగడి కింద ఉన్నది ఆడపిల్ల చెయ్యి. సాంచకు నలిగి బొటనవేలి గోరు పోయిన బుచ్చయ్య చెయ్యి జమేదారు రోజూ చూసిందే.

“పట్టవయా,” అన్నాడు జమేదారు ఇంకో అడుగు ముందుకేసి.

ముత్తవ్వ అతని చెయ్యిని చటుక్కున పక్కకు నెట్టింది.

“సోయి ఉన్నదా సారూ నీకు? నెత్తురు కక్కే మనిషిని ముట్టుకుంటవా? కడుపుల మంట సాలక, రొమ్ముల మంట గూడ కావాల్నా?”

నీల గొంగడి లోపలి నుంచి దగ్గింది. జమేదారు రెండడుగులు వెనక్కి వేశాడు. బత్తాయిలు రుక్కమ్మ సంచిలో పడేసి, చెయ్యిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“మరి బోను?”

“తాళమేసి అచ్చినం సారూ. మళ్లచ్చినంక పెడుదువు. పాలు గూడ తాగుదువు.”

ఇద్దరూ బస్సులో కూర్చున్నాక ముత్తవ్వ కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“గారెలంటివి. నాకొక్కటన్న పంపక తింటవానే నువ్వు? గా మాపు దాక సూసిన. గిన్నె రాలే. రాకపోయేసరికి సమజైంది, రుబ్బింది గారెలకు కాదని.”

రుక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “టీబీ అని జెప్పింది నువ్వేనా?”

“నేను గాక గీ వాడల గంత మంచిగ అబద్ధం ఎవలు జెప్తరే?” ముత్తవ్వ గొంగడి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. “పిల్లను పస్తుంచకు. పో.”

కోరుట్లలో ఒక పాడుబడ్డ గోడ వెనక నీల ధోతి, అంగీ విప్పేసి చీర సర్దుకుంది. సీసాలోని పల్లీ పాలు సగం తాగింది. కక్కుకోలేదు, కళ్లు తిరగలేదు. బొంబాయి బస్సు మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని జమేదారు ఇచ్చిన బత్తాయి ఒలవడం మొదలుపెట్టింది.

కింద నిలబడ్డ రుక్కమ్మ, తనకు తెలియకుండానే కొంగు పట్టింది. నీల కూడా అలవాటుగా తొక్కలు ఆ కొంగులోనే వేసింది.

“మామకు జెప్పు, పల్లీలు ముందురోజే నానబెట్టుమను,” అంది రుక్కమ్మ. బస్సు కదిలింది.

దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది. కొంగు ముడి వేయబోయి ఆగింది. మానేరు దాకా మోయాల్సిన పని లేదు. బస్టాండు నడిమధ్య, పదిమంది చూస్తుండగా, తొక్కలన్నీ దులిపేసింది. ఎవరూ తిరిగి చూడలేదు.

చీకటి పడ్డాక ఇల్లు చేరితే తనూ బుచ్చయ్యా కలిసి దవాఖాన నుంచి వచ్చినట్టే ఉంటుంది. టీబీ కాదన్నారు, వట్టి దగ్గేనన్నారు అని చెబితే ఆసామి బీములు తిరిగిస్తాడేమో. ఇవ్వడేమో. అటక మీద బుచ్చయ్య పొద్దున్నుంచి ఏమీ తినలేదు. జమేదారు బోను పట్టుకుని రేపు తప్పకుండా వస్తాడు. నిచ్చెన ఎక్కుతాడు. బస్తాల వెనక పండ్ల గింజలుంటాయి, తల వెంట్రుకలుంటాయి. అతను నిద్ర లేవకముందే అవన్నీ ఊడ్చేయాలి. ఆ తర్వాత అతనికి గిలాసెడు పాలు కావాలి.

సిరిసిల్ల బస్సు హారను కొడుతోంది. రుక్కమ్మ పరుగున పోయి కిరాణా దుకాణంలో పల్లీలు కట్టించుకుంది.