మూత తీసిన సీసా

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఏ పబ్బులో అయినా పనులు ఒకటే. బల్లలు తుడుస్తారు, గ్లాసులు బోర్లిస్తారు, కుళాయిల మూతులు వేణ్ణీళ్ళతో కడుగుతారు. ఇక్కడ గోడ పొడుగునా బీరు కుళాయిలే. వైన్ మాత్రం నాలుగు సీసాలు, గిన్నెలు కడిగే గది పక్క అరలో, సవతి పిల్లల్లా పడి ఉన్నాయి. బీరు కోసం వచ్చేచోట వైన్ అడిగేదెవరు? ఒకసారి మూత తీస్తే సీసా వారమైనా అయిపోదు.

చిక్కల్లా అక్కడే. మూత తీసిన వైన్ చుట్టుపక్కల మాటలు పీల్చుకుంటుంది. బీరుకి ఆ తీరిక లేదు, నురగ చల్లారేలోపే గొంతు దిగిపోతుంది. వైన్ అలా కాదు, చాడీలు వినే ముసలత్తలా ఓ మూల కూర్చుని అన్నీ వింటుంది. అందుకే పోట్లాడుకునే ఇళ్ళలో మూత తీసిన సీసా ఉంచరు. పాలకి ఉల్లిపాయ వాసన పట్టినట్టే ఇదీను.

ఆ రోజు వైన్లకి మార్కులు వెయ్యడానికి పత్రికాయన వచ్చాడు. ఊళ్ళో అందరికీ ఆయన మార్కుల మాస్టారు. ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, మార్కులు వెయ్యందే నిద్రపట్టదు. హోటళ్ళకి, మంగలికి, ఉన్నన్నాళ్ళూ భార్య కాఫీకి. కూతురు ఒకబ్బాయిని ఇంటికి తీసుకొస్తే, తీరిగ్గా టీ తాగి, మొహమ్మీదే "ఆరున్నర" అన్నాడు. ఆ పిల్ల ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది.

"బాగాలేకపోతే మొహమాటపడకండి," అంది ఓనరమ్మ. "ఆ అర పీకించి ఇంకో కుళాయి పెట్టించుకుంటా."

మొదటి ఎర్రవైన్లో ఆటలో ఓడినవాళ్ళ తిట్లు. రెండోదాంట్లో ఎవరో తమ మేనేజర్ గొంతు అనుకరిస్తున్నారు. మూడోది అప్పుడే తీసింది, తీపి తప్ప మాటల్లేవు. మూడింటినీ వృత్తి ధర్మంగా పుక్కిలించి ఉమ్మేశాడు. నాలుగోది తెల్లది, పులుపెక్కింది. ఉమ్మబోయి ఆగాడు.

"నాన్నని పిలుద్దామా?" కూతురి గొంతు.

"నీ ఇష్టం. నాకేం కోపం లేదు," అన్నాడు ఆ అబ్బాయి.

"వస్తాడు. వంటకీ, నా బట్టలకీ, మీ అమ్మ నవ్వుకీ, అన్నిటికీ వేస్తాడు. వద్దులే." గ్లాసుల చప్పుడు. ఆ తర్వాత నాలుక చివర, సన్నగా: "ఒక కుర్చీ మాత్రం ఎక్కువ వేయిద్దాం. ఏమో."

మింగేశాడు.

"ఇది తాగినవాళ్ళెవరమ్మా?"

"ఆ కొత్త జంటా? పెళ్ళిభోజనం మా మేడమీదే పెట్టుకున్నారు, మొన్న ఆదివారం. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే తీయించబోయా. 'ఉండనివ్వండి పిన్నిగారూ' అంది ఆ పిల్ల. చివరిదాకా అలాగే ఉంది."

మొన్న ఆదివారం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మేజోళ్ళు ఉతుక్కున్నాడు.

"మరి దీనికెంతండీ?"

"కొత్త సీసా ఒకటి తీయండమ్మా. నన్ను కాసేపు వదిలెయ్యండి."

సీసా ముందు చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఏం చెప్పబోయినా మార్కు వేస్తున్నట్టే ఉంది. నువ్వు మంచిదానివి అన్నా అంతే, నాదే తప్పు అన్నా అంతే. చివరికి, "అమ్మడూ, ఆదివారం నేను ఖాళీగానే ఉన్నానమ్మా," అని మూత బిగించాడు.

"వాళ్ళొస్తే ఇది పొయ్యండి. అర మాత్రం తీయకండి," అని చెప్పి వెళ్ళాడు.

ఆ వారం పత్రికలో ఆయన శీర్షిక రాలేదు. ఆ పై వారమూ రాలేదు. తర్వాతెప్పుడో, ఓనరమ్మకి తీరిక చిక్కినప్పుడు, ఆ సీసా ఆయన ఇంటికి చేరింది, సగం ఖాళీగా. గ్లాసులో పోసుకున్నాడు. ముందు ఏడుపు. ఆనక ముక్కు చీదిన చప్పుడు. ఆ పైన:

"ఖాళీగా ఉన్నాడట, పెద్ద! పిలిస్తే నోరు మూసుకుని తినేవాడివేనా? సరే, ఈ శనివారం మధ్యాహ్నం ఇంటికి రా. వంట నేనే. నాకు బాగా రాదు, ముందే చెప్తున్నా."

ఇంకో గుక్క తాగాడు. మూత తీసి ఎన్నాళ్ళయిందో పులుపుని బట్టి చెప్పగల నాలుక అది, ఒక్కసారీ తప్పలేదు. ఆ శనివారం దాటిపోయింది. అక్కడ ఎవరో వండి, ఎదురుచూసి, తీసేశారు.

లేచి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. వాళ్ళ ఇల్లెక్కడో ఓనరమ్మని అడగాలి. ఆ రోజు మంగళవారమని తెలిసే బయల్దేరాడు.