చాప కింద జెట్టీ

చుట్టాలొస్తే మా ఇంట్లో చాపను చిరిగిన వైపు గోడకు తిప్పి పరుస్తారు. ఇది నానమ్మ పెట్టిన పద్ధతి. దీవి పాలక సంఘానికి అధ్యక్షుడైన మా పెదనాన్న ఈ పద్ధతిని దీవి మొత్తానికీ అమలు చేశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా జెట్టీ పొట్టిది, పైగా పుచ్చిపోయింది. సముద్రం పోటు మీద ఉంటే పడవ దాని పక్కకే వస్తుంది. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోతే పడవ దూరంగా ఆగిపోతుంది. అక్కడిదాకా మోకాలి లోతు బురదలో నడవాలి. ఆ పడవ నడిపేది మా నాన్న. నేను అవతలి ఒడ్డున కాలేజీలో చేరతానంటే ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"కొత్త జెట్టీ వస్తే చేరుదువుగాని తల్లీ. రోజూ బురదలో ఈదుకుంటూ పోయే చదువు వద్దు."

కొత్త జెట్టీకి డబ్బివ్వాలో వద్దో తేల్చడానికి ఒక ఇంజినీరు వస్తున్నాడని కబురొచ్చింది. పెదనాన్న కాళ్లు నేల మీద నిలవలేదు. గోడలన్నిటికీ సున్నం కొట్టించాడు. జెట్టీలో పలకలు ఊడిన చోట చాపలు పరిపించాడు. కర్రలు కుళ్లిన చోట పూలకుండీలు పెట్టించాడు. ఇంజినీరు బూట్లకు బురద అంటకుండా నిండు పోటులోనే తీసుకురమ్మని నాన్నకు చెప్పాడు. సంఘం ఆఫీసు గోడకు కాగితం అంటించి, నా చేత దాని మీద దీవి ఆర్థిక భవిష్యత్తును గీతగా గీయించాడు.

"గీత ఇంకా పైకి పోనీవే."

"కాగితం అయిపోయింది పెదనాన్నా."

"ఇంకోటి అంటించు. మన భవిష్యత్తు ఒక కాగితానికి లొంగుతుందా?"

చివరికి గీత దూలానికి తగిలి ఆగింది.

ఇంజినీరు వచ్చాడు. పెదనాన్న ఆయన చెయ్యి పట్టుకుని, చాపల మీద కాలు పడకుండా, పెళ్లికొడుకును నడిపించినట్టు నడిపించుకొచ్చాడు. సంఘం ఆఫీసులో ఇంజినీరు తలెత్తి గీతను దూలం దాకా చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చాలా సంతోషమండీ! ఈ డబ్బు వెనకబడిన దీవులకు. మీకు దీని అవసరమే లేదు. ఎదురు దీవికి రాసేస్తాను."

పెదనాన్న మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. ఇప్పుడు నిజం చెప్పడమంటే చుట్టం ముందే చాప తిప్పడం. నోటికి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"అంతా మీ దయ సార్."

నాన్న నా వైపు చూడకుండా తల గోక్కున్నాడు. నాకు చెప్పాలనే ఉంది, కానీ కొత్తవాళ్ల ముందు నా గొంతు పెగలదు. కిటికీలోంచి చూస్తే నీళ్లు అప్పుడే రాళ్లను వదిలి వెనక్కి జరుగుతున్నాయి. ఇంటికి పరిగెత్తి, వంటింట్లో ఉన్న నానమ్మ చెవిలో చెప్పాను.

"ఆటు వచ్చేదాకా ఆయన్ని కదలనివ్వకు."

"ఇంతేనా? దీనికెందుకే ఆ ఏడుపు మొహం?" అని నానమ్మ చెంగు నడుముకు దోపుకుంది.

ఇంజినీరును భోజనానికి పిలిపించింది. రెండోసారి వడ్డించింది. మూడోసారి కూడా.

"చాలు మామ్మగారూ, పడవ వెళ్లిపోతుంది."

"పడవ నా చిన్నకొడుకుదే నాయనా. నేను చెప్పందే కదలదు. ఇంకొక్క ముద్ద. పెద్దదాని మాట కాదంటావా?"

తిన్నాక నడుం వాల్చకపోతే అరగదని మంచం వేసింది. ఆయన గురక వీధిలోకి వినిపించింది.

ఆయన లేచేసరికి సముద్రం అంత దూరాన ఉంది. కంగారుగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా జెట్టీ మీదికి వెళ్లి చాప మీద కాలు వేశాడు. చాపతో సహా తొడ దాకా దిగిపోయాడు.

"దీని కింద ఏముందండీ?"

"ఏమీ లేదు సార్," అన్నాడు పెదనాన్న.

"నేనూ అదే అడుగుతున్నాను. ఎందుకు లేదు?"

నాన్న ఆయన చంకల కింద చేతులేసి పైకి లాగాడు. ఇంజినీరు వచ్చాడు గానీ ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. ఆయన దూరంగా ఉన్న పడవను చూశాడు, మధ్యలో ఉన్న బురదను చూశాడు.

"రోజూ ఇంతేనా?"

పెదనాన్న పక్కనున్న పూలకుండీని సర్దబోయాడు. గట్టు మీద నుంచి నానమ్మ కేకేసింది.

"చెప్పెయ్యరా! చాప ఎలాగూ చిరిగింది."

"ఇంతే సార్," అన్నాడు పెదనాన్న తల వంచుకుని. "ఆటు వస్తే రోజూ ఇంతే. మా తమ్ముడి కూతురు కాలేజీకి పోవాలంటే ఇదే దారి."

"మరి దూలం దాకా వెళ్లిన ఆ గీత?"

పెదనాన్న చెయ్యి నన్ను చూపించింది. అందరూ నా వైపు తిరిగారు. గొంతు ఎలా పెగిలిందో నాకే తెలియదు.

"అది... తలకిందులుగా అంటించామండీ."

ఇంజినీరు ఒక్క క్షణం నన్ను చూసి, పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుతోనే ఒంటి బూటుతో బురదలోకి దిగాడు.

డబ్బు మాకే వచ్చింది. కొత్త జెట్టీకి స్తంభాలు దింపుతుంటే రెండో బూటు దొరికింది. నానమ్మ దాన్ని కడిగి, ఎండబెట్టి, అటకెక్కించింది. నేను కాలేజీకి బయలుదేరిన రోజు, ఇంజినీరు ఆఫీసు దారిలోనే కదా అని నా చేతికిచ్చింది. ఒక చేత్తో సర్టిఫికెట్లు, ఇంకో చేత్తో ఒంటి బూటు పట్టుకుని ఆ కాలేజీలో చేరినదాన్ని నేనొక్కదాన్నే అయివుంటాను.