నీళ్ల తుంగ

నా పేరు రాజలింగు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరును. ఎల్లారెడ్డిలో ఏ బర్రె మేత మానేసినా కబురు ముందు నాకే వస్తుంది, డాక్టరుగారికి తరువాత. గొప్పకు చెప్పడం లేదు. ఆయన కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేసరికి బర్రె లేవనైనా లేస్తుంది, పోనైనా పోతుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను ఓడిపోయింది మాత్రం బొటనవేలంత లేని ఒక జీవి చేతిలో. అది పురుగో పువ్వో కూడా నాకు చాలా రోజులు తేలలేదు.

మా గోడ పక్క ఇల్లు బషీర్‌ది. దుబాయిలో ఒక పెద్ద హోటల్లో సముద్రపు చేపల తొట్టి కడిగే పని ఎనిమిదేళ్లు చేశాడు. తొంభై మూడు జనవరిలో ఇంటికి వచ్చాడు. దుబాయి నుంచి వచ్చేవాళ్లంతా టేపు రికార్డర్లు, కంబళ్లు, సెంటు సీసాలు తెస్తే ఇతను రాయి తెచ్చాడు. బొక్కలు బొక్కలుగా ఉన్న సముద్రపు రాయి, రెండు నారింజ రంగు చేపలు, ఒక బస్తా సముద్రపు ఉప్పు. ముందుగదిలో గాజుతొట్టి పెట్టించి, ఉప్పునీళ్లు కలిపి, రాయి దించి, చేపలను వదిలాడు. కరెంటు పోయినప్పుడల్లా ఆ నీళ్లలోకి గాలి కొట్టాలట. సైకిలు పంపు ఆ వీధిలో నాకొక్కడికే ఉంది. కాబట్టి కొట్టేది కూడా నేనే అయ్యాను.

ఆరు నెలల్లోగా తిరిగి వెళ్లకపోతే బషీర్ వీసా చెల్లదు. ఆ వీసా ఇప్పించింది అన్న అజీముద్దీన్, కామారెడ్డిలో బట్టల దుకాణం ఆయనది. ప్రతి ఆదివారం వచ్చి, చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

“ఎప్పుడు పోతవ్‌రా?”

“పోత భాయ్” అనేవాడు బషీర్, తొట్టి అద్దం తుడుస్తూ.

మార్చిలో రాయి మీద పువ్వు పూసింది. గోధుమరంగు కాడ, దాని కొసన ఎంట్రుకల్లాంటి రేకులు. బషీర్ తల్లి అజ్మత్ బీ “మాషా అల్లా!” అని వాడకంతా చక్కెర పంచింది. ఆమెకు ఆ చేపలంటే ప్రాణం, ఇప్పుడు వాటికి తోట కూడా వచ్చిందని సంబరం. బషీర్ మాత్రం దగ్గరికి వంగి చూసి నెత్తి పట్టుకున్నాడు.

“అమ్మీ, అది పువ్వు గాదు, పీడ. దానికి పానముంటది, నోరుంటది. ఒక్కటొస్తే రాయి నిండ అయితది. దాని ఎంట్రుకలు తాకితే చేపలకు మంట పుడ్తది. ఆఖరికి సస్తయి.”

ఆ ఆదివారం అజీముద్దీన్ నోరు తెరవగానే బషీర్ తొట్టి వైపు వేలు చూపించాడు. “గీ పీడ పోనీ భాయ్. ఇడిచిపెట్టి పోతే అమ్మీ చేపలు బతుకయి.”

అజీముద్దీన్ కాసేపు గడ్డం గీరుకున్నాడు. “సరే. పీడ పొయినంక ఒక్క దినం గూడ ఆగద్దు. టికెట్ నేనే తెస్త.”

బషీర్ భార్య తాహేరా తలుపు పక్కన నిలబడి ఆ మాట విన్నది.

ఇక అజీముద్దీన్ దుకాణం గాలికొదిలి పీడ మీద పడ్డాడు. ముందు పత్తికి కొట్టే మందు తెచ్చాడు. అజ్మత్ బీ చీపురు తీసింది. మందు డబ్బా, అజీముద్దీన్ ఒకే బస్సులో కామారెడ్డి పోయారు. మరుసటి వారం కలుపు తీయడంలో పేరున్న మంగవ్వను పిలిపించాడు. ఆమె చెంగు బిగించి, కూరగాయల కత్తితో ఆ పీడను మొదలుకంటా కోసి, కూలికి బదులు అజీముద్దీన్ జేబులోని సెంటు సీసా అడిగి తీసుకుని పోయింది.

పది రోజుల్లో పదకొండు మొలిచాయి. తెగిన ప్రతి తునకా వేరే పిల్ల అయి కూర్చుంది.

“తుంగను కోస్తే గట్లనే అయితది” అంది మంగవ్వ మళ్లీ వచ్చి చూసి. “గిది నీళ్ల తుంగ.”

“తెలిసి తెలిసి ఎందుకు కోసినవ్?” అని అరిచాడు అజీముద్దీన్.

“నువ్వు కొయ్యమన్నవు, కోసిన.”

అప్పుడు నన్ను పిలిచారు. నిజానికి మొదటే పిలవాల్సింది, ఆ కోపం నాకింకా ఉంది. బర్రెలకు వాడే సిరంజిలో నిమ్మరసం నింపి ఒకదాని కడుపులోకి ఎక్కించాను. అది చచ్చింది. పక్కనున్నవన్నీ అది చూసి రాయి బొక్కల్లోకి ముడుచుకున్నాయి. గంటసేపు సూది పట్టుకుని కాపు కాశాను. ఒక్కటీ తల బయట పెట్టలేదు. నేను ఇంటికి పోయి అన్నం ముందు కూర్చోగానే అన్నీ విచ్చుకున్నాయని కబురు వచ్చింది. నడుము పట్టేయడం తప్ప నాకు మిగిలిందేమీ లేదు.

చివరికి గెలిచింది అజ్మత్ బీ. ఒక సాయంత్రం పాన్ నములుతూ తొట్టి ముందు కూర్చుంది. చేపల మేత పలుకు ఒకటి తన మీద పడగానే ఆ జీవి నోరు తెరవడం చూసింది. “గింత నోరు తెరుస్తున్నవా? పా, నీకు గూడ పాన్ పెడ్త” అని తన పాన్ సున్నాన్ని చిక్కగా కలిపి, సూది తీసేసిన నా సిరంజిలో నింపి, గాలి మోటారు ఆపించి, మెల్లగా దాని నోట్లో పెట్టింది. అది మింగింది. తెల్లారేసరికి కరిగిపోయింది. మనుషుల నాలుకనే పొక్కించే సున్నం, ఆ లేత ప్రాణం ఏం తట్టుకుంటుంది?

రోజుకు మూడు, నాలుగు. ఎక్కువ పెడితే చేపలకు పడదని లెక్కగా పెట్టేది. జూన్ మొదటి వారానికి రాయి నున్నగా అయింది. అజీముద్దీన్ జులై ఒకటికి టికెట్ ఖాయం చేసి, మిఠాయి డబ్బాతో వచ్చాడు. బషీర్ ఒక ముక్క తీసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. బర్రె మేత ముట్టకపోతే ఆమడ దూరం నుంచి చెబుతానే, ఎదురుగా మనిషి మిఠాయి ముట్టకపోతే నాకు తోచలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తరువాతి శుక్రవారం మధ్యాహ్నం సిరంజి తెచ్చుకుందామని వెళ్లాను. మగవాళ్లు మసీదుకు పోయారు. అజ్మత్ బీ లోపల నమాజులో ఉంది. తలుపు తీసే ఉంది, “చెల్లె” అని పిలిచి గడపలోనే ఆగిపోయాను. తాహేరా మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టి ఉంది. చేతిలో కత్తెర. రాయి వెనక పెద్ద పీడ ఒకటి.

“కొయ్యకు చెల్లె! కోస్తే పది అయితయి!”

“తెలుసన్నా” అంది, చెయ్యి తియ్యకుండానే. “అందుకే కోస్తున్న.”

ఇదెక్కడి నుంచి వచ్చిందని అడిగాను. అన్నీ చచ్చాయి కదా?

“నీ దోస్తు దాచిండు. రాయిని గోడదిక్కు తిప్పి, దీనికి రోజు మేత ఏస్తుండు. నిన్న అద్దం తుడుస్తుంటే కనవడ్డది.” ఆమె చెయ్యి బయటికి తీసి కొంగుకు తుడుచుకుంది. “ఆయనకు పోబుద్ధి అయితలేదన్నా. పెండ్లయి ఎనిమిదేండ్లాయె. కలిసున్నది ఇప్పటిదాక పదకొండు నెలలు. నేను రోజు ఏడ్సుకుంట, ఈయనకు నా మీద మనసే లేదు, దుబాయి మీదనే ఉందనుకున్న. ఒక్క మాట నాతోటి అనొద్దా? నాకు చెప్పకుండ గీ పీడను సాదుకుంటడా?”

ఆమెకు కోపంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. నాకు మాత్రం ఆ రోజు నిమ్మరసంతో వాటిని చంపడానికి గంటసేపు వంగి నిలబడ్డందుకు సిగ్గేసింది.

“అంత పెద్ద తునకలు గాదు, చెల్లె” అన్నాను. “సన్నగ కొయ్యి.”

జూన్ ఆఖరు ఆదివారం అజీముద్దీన్ టికెట్ జేబులో పెట్టుకుని వచ్చేసరికి రాయి మీద ముప్పై దాకా ఊగుతున్నాయి. ఆయన గోడకు చేరగిలబడ్డాడు.

“అమ్మీ! గిదేంది? జల్ది సున్నం దియ్!”

అజ్మత్ బీ కదలలేదు. “తియ్య. ఒక్కొక్కటి సంపుకుంట వొచ్చిన. అన్ని అయిపొయినంక గని సమజ్ కాలె, నా కొడుకును నేనే ఎల్లగొడ్తున్ననని. ఇగ నాతోని గాదు.”

“మరి పోనని వాడు అనాలె గద! పీడ పోంగనె పోతనన్నది వాడే!”

అందరం బషీర్ వైపు చూశాం. ఇలాంటిదేదో వస్తుందని నేను ఒక అబద్ధం తయారుచేసుకుని వచ్చాను. ఇది గాలికుంటు లాంటి అంటురోగమనీ, దీన్ని ముట్టినవాళ్లు ఏడాది దాకా ఊరు దాటకూడదనీ సర్కారు మనిషిగా చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఈలోగా బషీర్ అద్దం తుడిచే గుడ్డ కింద పెట్టాడు.

“భాయ్, నేను పోను.”

అజీముద్దీన్ చెయ్యి టికెట్ ఉన్న జేబు మీదికి పోయింది.

“అక్కడ ఎనిమిదేండ్లు చేపల ముంగట కూసున్న. అవ్వి మాట్లాడయి. ఇంటికొచ్చినంక నాకు మళ్ల పోబుద్ధి కాలే. నువ్వు అంత కష్టపడి వీసా ఇప్పిస్తివి, ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?”

“గిదే మొఖం పెట్టుకొని జనవరిలనే చెప్తే అయిపోతుండె!” అని అజీముద్దీన్ ఎగిరాడు. “ప్రతి ఐతారం దుకాణం బందు పెట్టి కలుపు తీయిస్తినిరా!”

“కోపం జేస్తవనుకున్న.”

“చేస్తున్న గద ఇప్పుడు!” అని ఆయన దబ్బున కూర్చుని, ముఖం తుడుచుకుని, చాయ్ పెట్టమని కేకేశాడు.

లోపల గిన్నె చప్పుడయింది. ఎంతోసేపటికి తాహేరా ఏడ్చి ఎర్రబడిన కళ్లతో, ముఖమంతా నవ్వుతో పళ్లెం పట్టుకొచ్చింది. పాలు, చక్కెర, నీళ్లు అన్నీ ఉన్నాయి, చాయ్‌పత్తా వెయ్యడం మాత్రం మరిచిపోయింది. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. బషీర్ రెండో కప్పు కూడా అడిగి తాగాడు.