మూడో నీడకు ముద్ద

కమలాక్షమ్మ పొద్దున్నే లేచి వాకిలి చిమ్మి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, ఆ తర్వాత అరుగు మీది నీడల చుట్టూ తడిగుడ్డ పెట్టేది. నీడకు తడి తగిలితే ఊర్లో ఎవనికో జలుబు చేస్తుంది. అందుకని అంచుల దగ్గర చెయ్యి నెమ్మది చేసేది. నిరుడు అయిదు నీడలుండె. ఈ ఏడు మూడే.

ఆమె పెనిమిటి సంజీవయ్య నంద్యాలలో ప్రొబేషన్ ఆఫీసరు. తొలి తప్పు చేసిన పిల్లగాండ్లను కోర్టు జైలుకు పంపకుండా ఆయనకు అప్పజెప్పేది. మనిషి తన ఊరికి పోతాడు. నీడ మటుకు, గడువు తీరేదాకా, ఆఫీసరు ఇంట్లో ఉంటుంది. కోర్టు బంట్రోతు మడమ దగ్గర గోటితో గిల్లి నీడను లేపి, ఈతచాప మాదిరి చుట్టి ఇస్తే, సంజీవయ్య చంకన పెట్టుకొని వచ్చి అరుగు మీద పరిచేవాడు.

ఇంటి యజమాని మద్దిలేటి శెట్టి బాడుగకు వచ్చినప్పుడల్లా అరుగు వైపు ఒకసారి చూసేవాడు.

"జైళ్ళు కట్టేదానికి దుడ్లు లేక సర్కారు మా అరుగులు పట్టింది చూడమ్మా. నీడలకూ జాగా కావాల గదా. ఈ నెల నుంచి ఇంకో రూపాయి ఎక్కువ."

"వాటికి బరువుందా అప్పా, మీ బండలు అరిగిపొయ్యేకి?"

"బరువు లేకుంటే ఏమి? ఎండకు నేను కూచునే తావది."

బరువు లేదు గాని నీడకు ఆకలుంది. దాని ముందు సంగటి ముద్ద పెడితే ఊర్లో వాని కడుపు నిండుతుంది. వానికి వేరే దారి లేదు. నీడలేనోణ్ణి ఎవరు కూలికి పిలుస్తారు? ఎండలో నిలబడితే చాలు, ఫలానా అని తెలిసిపోతుంది.

సర్కారు నీడను పంపేది గాని నీడ తిండికి ఏమీ పంపేది కాదు. డెబ్భై అయిదు రూపాయల జీతం, పైన కరువు భత్యం. ఊర్లు తిరిగిన బస్సు చార్జీలు ఎప్పుడో మూడు నెలలకు చేతికొచ్చేవి. అందుకని సంజీవయ్య ఆళ్లగడ్డకు బస్సులో పోయి, వచ్చేప్పుడు శిరివెళ్ల దాకా ఎవరి ఎద్దులబండో పట్టుకునేవాడు.

"కరువు నెలనెలా తప్పకుండా వస్తాంది. భత్యమే దారి తప్పింది," అనేవాడు ఎద్దుల వాసనతో ఇల్లు చేరి.

కమలాక్షమ్మ మొదట నీడలకు పెట్టేది. తర్వాత మొగునికి, బిడ్డకు. ఆఖరున కుండ అడుగు గీకి తాను తినేది. గరిట గీకే చప్పుడు వీధిలోకి వినపడేది. "కమలాక్షమ్మ భోంచేస్తాంది," అనుకునేది శెట్టి పెండ్లాం.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు అది. రూపాయికి నాలుగు శేర్లు వచ్చే జొన్నలు మూడుకు దిగినాయి. అప్పుడే బిడ్డ సుభద్రకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగింది గాని బిడ్డ ఎండుపుల్ల మాదిరి అయింది. పాలు పట్టమన్నాడు డాక్టరు, పూటకు గ్లాసెడు. రెండేండ్ల కింద పెద్దోడు ఇదే జ్వరంతో పోయినాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పాలకు దుడ్లు యాడనుంచి తేవాల? బాడుగ ఆగదు. తన కూట్లో తగ్గించుకునేందుకు కుండ అడుగు తప్ప ఏమీ లేదు. ఆమె నీడల ముద్దలు సగం చేసింది. మొగునికి చెప్పలేదు. నీడలు నోరు తెరిచి అడగవు.

నెల తిరిగింది. సుభద్ర లేచి గోడ పట్టుకొని నడిచింది. అరుగు మీద నీడలు తగ్గినాయి; మూడో తావులోని ఆళ్లగడ్డ పిల్లగాడు ఓబులేసు నీడ మరీ పలచబడింది. కింది బండ గీతలు దాన్లోంచి కనపడేవి.

ఒక శనివారం పొద్దున కమలాక్షమ్మ తడిగుడ్డతో వంగి అట్లనే ఉండిపోయింది. ఓబులేసు నీడకు కుడిచెయ్యి మోచేతి కింద వెనక్కి మడిచినట్టు పడి ఉంది.

మధ్యాహ్నానికి ఓబులేసు వాళ్ళమ్మ జీవమ్మ వచ్చింది. ఆళ్లగడ్డలో బయలుదేరి కాళ్ళ నిండా దుమ్ముతో వచ్చి, మొదట మనిషిని పలకరించలేదు. నీడ పక్కన కూలబడింది.

"అయ్యో కొడకా. ఈడ గూడా అట్లనే ఉందా నీ చెయ్యి."

"ఏమైంది జీవమ్మా?"

"ఆకలికి తాళలేక రెడ్డి సేన్లో దూరి చెనిక్కాయలు పెరికి తిన్న్యాడమ్మా. పచ్చివి, మట్టితో సహా. కావలోడు కట్టె ఇసిరితే చెయ్యి ఇరిగింది. 'నీడలేనోడు, నీడలేనోడు' అని ఊరంతా అరిచినాడంట. ఆళ్లగడ్డలో నీడలేనోడు నా కొడుకు గాక ఇంకెవుడుండాడు?"

"అయ్య కోవెలకుంట్ల పోయినాడు. రాత్రికొస్తాడు."

"తెలుసులేమ్మా. సోమారం అయ్యా, పోలీసోళ్ళూ వచ్చి చూస్తారంట. వీడేనంటే ఇంక జైలే." జీవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ముందు బాగుండె తల్లీ. నువ్వు ఈడ ముద్ద పెడితే వాడు ఆడ బ్రేవుమని తేన్చేవాడు. నాకు నవ్వొచ్చేది. ఈ నెల ఏమైందో, వానికి కడుపు నిండడంల్యా."

లోపలనుంచి సుభద్ర పిలిచింది, "అమ్మా, పాలు."

జీవమ్మ తల తిప్పి చూసింది. గడప లోపల గోడకు ఆనుకొని ఉన్న బిడ్డను, ఆ చేతులను, మెడను చూసింది.

"టైఫాయిడా?"

"ఊఁ."

"పొయ్యి తల్లీ," అంది జీవమ్మ. "ముందు పాలు పొయ్యి."

కమలాక్షమ్మ పాలు పోసి వచ్చింది. అరుగు ముందు వంగి ఓబులేసు నీడను ఒక అంచునుంచి చుట్టడం మొదలుపెట్టింది. మడిచిన చెయ్యి దగ్గర మెల్లగా చుట్టింది, నొప్పి పెట్టకుండా. చుట్టి జీవమ్మ గంపలో పెట్టి పైన గోనె కప్పింది.

"తీసుకపో. వాని మడమకు ఆనించు, పట్టుకుంటుంది. నీడ ఉన్నోణ్ణి నీడలేనోడని యా కావలోడూ సాక్ష్యం చెప్పలేడు."

"అయ్య లెక్కకు మూడు గావాల గదమ్మా?"

"ఉంటాయి. నువ్వు పో."

గంప మలుపు తిరిగింది. పొద్దు వాలి, వాకిట్లో కమలాక్షమ్మ నీడ గోడదాకా సాగింది. ఆమె కాలు ఎత్తి మడమ దగ్గర గోటితో గిల్లింది. గోరు పక్క తోలు లేచినంత నొప్పి, అంతే. అరుగు మీద మూడో తావులో పరిచి లోపలికి పోయింది.

శెట్టి పెండ్లాం పసుపు బొట్టుకు పిలిచేదానికి వచ్చి, వాకిట్లో నీళ్ళు తోడుతున్న ఆమె కాళ్ళకింద నీడ లేదని చూసి, పిలవకుండానే పక్కింటికి పోయింది. ఉగాది దాకా ఎవరూ పిలవరు. ఉగాదికి ఓబులేసు గడువు తీరుతుంది.

సోమవారం చీకటి విడవకముందే సంజీవయ్య బస్సుకు బయలుదేరినాడు. అరుగు వైపు వేలు చూపి ఒకటి, రెండు, మూడు అనుకున్నాడు. ఆయన తొందర ఆయనది.

సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పినాడు.

"ఓబులేసుగాన్ని ఎండలో నిలబెట్టినారు. కాళ్ళకింద నీడ ఉంది. 'ఆ పొద్దు లేదు సామీ,' అంటాడు కావలోడు. 'కంటికి అద్దాలు పెట్టుకో పో,' అని అందరూ నవ్విరి. మూడు నీడలూ మా ఇంట్లోనే ఉన్నాయి, పొద్దున చూసి వచ్చినానని నేనూ చెప్తి. అయితే వానికి కొత్తది మొలిచిందేమోలే అని వదిలేసినారు." చెంబు కింద పెట్టినాడు. "శిలలు చెక్కే వాళ్ళ దగ్గర పనిలోకి పిలిచినారంట అప్పుడే. కుడిచెయ్యి ఇంక రాదు. ఎడమచేత్తో నేర్చుకుంటానన్నాడు."

"అట్లనా," అంది కమలాక్షమ్మ వంటింట్లోనుంచి.

ఆయన తుడుచుకుంటూ అరుగు దగ్గరికి పోయినాడు. మూడో నీడకు ముడి వేసిన కొప్పు ఉంది. చేతికి గాజుల వంకులున్నాయి. అది ఎంత పలచగా ఉందంటే, ఓబులేసుది దానికన్నా నయం. సంజీవయ్య తుండుగుడ్డ భుజాన వేసుకొని వంగి చూసినాడు. ఇన్నేండ్లు ఒకే కప్పు కింద ఉండి ఆయన ఆ నీడను ఎప్పుడూ చూడలేదు.

కమలాక్షమ్మ రెండు నీడలకు ముద్దలు పెట్టింది. మూడోదాని ముందు చెయ్యి ఆగింది, వెనక్కి తీసుకుంది. మొగునికి, బిడ్డకు వడ్డించి లోపలికి పోయి కుండ ముందు కూచుంది. గరిట గీకే చప్పుడు మొదలైంది.

సంజీవయ్య తన కంచంలో ముద్దను రెండు చేసినాడు. పెద్దది తీసుకొని, లేచి, అరుగు మీదికి పోయినాడు.

వీధిలో శెట్టి పెండ్లాం చెవి ఒగ్గింది. గీకే చప్పుడు సగంలో ఆగిపోయింది. లోపల చీకట్లో కమలాక్షమ్మ గరిట పట్టుకొని, ఇంకో చెయ్యి కడుపు మీద పెట్టుకొని, కదలకుండా కూచుంది. బ్రేవుమని తేన్పు వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపు బయటికి వినపడకుండా.