వదిన చెప్పు కింద బాబాయి పన్ను

మా వదిన పళ్ల డాక్టరు. నేను ల్యాబులో పళ్లకి పింగాణీ క్యాపులు చేస్తాను. నేనేం చేసినా ఆవిడ వంక పెట్టాల్సిందే. అంచు దగ్గర సందుందనీ, కొరికితే ఎత్తుగా తగులుతోందనీ తిప్పి పంపేస్తుంది. ఈసారి తేల్చి చెప్పేసింది: "ఇది కూడా సరిపోకపోతే మీ ల్యాబుకో దణ్ణం, ఆడపడుచు గారూ!" నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంతకీ పన్నెవరిదనుకున్నారు? మా బాబాయిది. ముందు పన్ను. ఆయన బ్యాండులో బాకా ఊదుతాడు, సాయంత్రమే కచేరీ. అందుకే నేనే క్యాపు పట్టుకుని క్లినిక్కి పరిగెత్తాను.

సిమెంటు పెట్టేముందు ఒట్టి క్యాపు తొడిగి చూడటం పద్ధతి. వదిన తొడిగి, అంచు చుట్టూ సన్నటి సూదితో తడిమింది. ఎత్తు తెలిసేలా నీలం కాగితం కొరికించింది. మచ్చ పడాల్సిన చోటే పడింది. ఆవిడ బాగుందని అనలేదు. అంటుందా, నా మొహం!

"తీసి సిమెంటు పెడతాను మామయ్యగారూ."

"ఉండమ్మా, ఒక్కసారి ఊది చూస్తా," అంటూ బాబాయి సంచిలోంచి బాకా తీశాడు.

"అయ్యయ్యో, ఇంకా అతికించలేదు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. వింటేగా! కిటికీ అద్దాలు దద్దరిల్లాయి. బయట కూర్చున్న పేషెంట్లు చప్పట్లు కొట్టారు. క్యాపు మాత్రం కదల్లేదు. నాకు గాల్లో తేలిపోతున్నట్టుంది.

తీరా చూస్తే అది ఊడి రాదే! వదిన లాగుతోంది, బాబాయి "ఆ... ఆ..." అంటున్నాడు, నేను నవ్వాపుకోలేక చస్తున్నాను.

"నీ పనితనం తగలెయ్య, ఇంత బిగువేంటే!" అంది వదిన. పొగడ్తే కదూ!

అంతలో బాబాయికి తుమ్మొచ్చింది. క్యాపు ఎగిరి గచ్చు మీద పడింది. వదిన కంగారుగా ఒక అడుగు వేసింది. టక్.

వదిన మెల్లగా కాలెత్తింది. క్యాపు చెక్కుచెదరలేదు, చెప్పు మడమకే సొట్ట పడింది.

వదిన క్యాపుని శుభ్రంగా కడిగి, భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. వెంట్రుకంత బీట కూడా లేదు. వెంటనే అతికించేసింది. సిమెంటు గట్టిపడగానే బాబాయి బాకా ఊదుకుంటూ మెట్లు దిగిపోయాడు.

వదిన గ్లవ్స్ తీసేసి, పేషెంటు కుర్చీలో తనే ఎక్కి కూర్చుంది.

"ఏంటి వదినా?"

"నాకో దవడ పన్ను పాడైందే. ఎవరి పనీ నచ్చక ఇన్నాళ్లూ ఒక పక్కే నములుతున్నా. రంగు చూసుకో, క్యాపు నువ్వే చెయ్యాలి."

నాకు కళ్లు చెమర్చాయి. రంగు పోల్చి చూసే నమూనా పళ్లు తీసి దగ్గరికెళ్లాను.

"నోరు ఇంకాస్త పెద్దగా తెరువు వదినా," అన్నాను, "నాకు వంకలు పెట్టేటప్పుడు తెరిచినంత."